అక్షరమునకు అప్‌గ్రేడ్ వెల
(గణన యంత్రముల చరిత్ర — ఏడవ ప్రకరణము)

ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టమ్/360 యంత్రపరంపరను లోకమునకు ప్రకటించిన పిమ్మట, వానిని నడిపింపవలసిన ఓయస్/360 అను ఆపరేటింగ్ సిస్టము చెప్పిన గడువునకు సిద్ధము గాక ఎట్లు వెనుకబడెనో, ఆ కార్యమునకు నాయకుడై యుండిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఆ అనుభవసారమును 1975లో గ్రంథరూపమున వెలువరించి, ఆలస్యమైన పనికి మఱికొందఱు మనుష్యులను చేర్చినచో అది మఱింత ఆలస్యమగునను సూత్రమును ఎట్లు ప్రతిపాదించెనో గత ప్రకరణమున వివరించితిమి. అంతవఱకు యంత్రముతోపాటు ఉచితముగా ఇచ్చుచుండిన ప్రోగ్రాములలో కొన్నింటికి వేఱుగా వెల నిర్ణయింపనున్నట్లు 1969 జూన్ 23న ఆ సంస్థయే చేసిన ప్రకటనతో, చేతికి చిక్కని, కంటికి కనబడని వస్తువునకు వెలకట్టు యుగము ఆరంభమైనదనియు చెప్పియుంటిమి. విలంబము, వెల అను ఈ రెండు విషయములును పెద్ద సంస్థల యంత్రశాలలను వీడి సామాన్యుల ఇండ్లకు వచ్చిన వృత్తాంతమే ఈ ప్రకరణమునకు వస్తువు.

1. ఓల్డ్ సెటిల్‌మెంట్ నుండి చూచినచో

ఈ వృత్తాంతమును అమెరికాయందలి సంస్థా కార్యాలయముల వైపునుండి చెప్పిన గ్రంథములు పెక్కు గలవు. మేము దీనిని ఖరగ్‌పూరు రైల్వే పట్టణమునందలి ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపునుండి చెప్పదలచితిమి. ఆపరేటింగ్ సిస్టము విడుదల ఆలస్యమగుట ఇంగ్లీషు చదువరికి కొంతకాలపు నిరీక్షణము మాత్రమే. దాని వెల హెచ్చుట అతనికి కొంత అధికవ్యయము మాత్రమే. తన మాతృభాషాలిపి యంత్రమున మొదటిసారి కనబడుట ఆ విడుదలపైననే ఆధారపడియున్న వానికి మాత్రము ఆ గడువు తన అక్షరమునకు గడువు, ఆ వెల తన అక్షరమునకు వెల. ఈ సత్యము ఒక్క భాష మాటలాడు ఊరిలో తేటగా కనబడదు. అనేక భాషలు పక్కపక్క ఇండ్లలో నివసించు ఊరిలోనే స్పష్టపడును.

1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, పంతొమ్మిదవ శతాబ్ది ముగియు వేళకు ఖరగ్‌పూరును ప్రధాన జంక్షనుగా చేసికొని, 1904లో అచట గొప్ప వర్క్‌షాపును నెలకొల్పగా, వాల్తేరు దాక సాగిన ఆ కంపెనీ మార్గమే ఉత్తరాంధ్ర జనులకు బ్రతుకుతెరువయ్యెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలిపోయిన వారు వర్క్‌షాపునందును, లోకోషెడ్డునందును, పట్టాలపైనను, కార్యాలయములందును కొలువులు సంపాదించి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నిమ్‌పురా మొదలైన పేటలయందలి రైల్వే క్వార్టర్లలో తరతరములుగా నిలిచిపోయిరి. 1944లో కంపెనీ ప్రభుత్వపరమై, 1955లో దక్షిణ తూర్పు రైల్వే ఏర్పడినను వారి కొలువులు మాఱలేదు, భాషయు మాఱలేదు; తెలుగు బడులు నడిచినవి, తెలుగు పండుగలు సాగినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసంగుటకు ఖరగ్‌పూరు తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్యకారణము.

ఆ క్వార్టర్లలో తెలుగువారికి ఇరుగుపొరుగున బంగాలీలు, ఒడియాలు, హిందీవారు, తమిళులు, పంజాబీలు గలరు. పట్టణము దాటిన పల్లెలలోను, సాలవనములలోను సంతాలీలు గలరు. 1951లో హిజ్లీయందు దేశమునకు మొదటి ఐఐటీ వెలసినందున, కంప్యూటరు అను మాట ఆ ఊరివారికి ఇతర పట్టణములవారికంటె ముందుగానే చెవిని పడియుండును. ఇట్టి ఊరిలో, ఒకే పేటయందు వాడుకలోనున్న లిపులు ఒకే ఆపరేటింగ్ సిస్టములోనికి ఏ క్రమమున, ఎన్నేండ్ల యెడముతో, ఎంత వెలకు వచ్చి చేరినవో పరిశీలించినచో విడుదలల చరిత్రయంతయు కొత్తరూపమున దర్శనమిచ్చును.

2. గడువు తప్పిన వాగ్దానములు

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ అను వస్తువును 1983 నవంబరు 10న ప్రకటించినది. అది అంగడికి వచ్చినది 1985 నవంబరు 20న. అంత ముందుగా ప్రకటించుటకు కారణము లేకపోలేదు. విజికార్ప్ సంస్థవారి విజి ఆన్ వంటి ప్రత్యర్థులు అప్పటికే రంగమున దిగుచుండిరి. కొనువారు వారివైపు మొగ్గకుండ నిలువవలెననిన, వేఱొకటి రానున్నదను ఆశను వారికి కల్పింపవలెను. యంత్రములు చేయువారును, ప్రోగ్రాములు వ్రాయువారును నూతన వ్యవస్థకు తగినట్లు తమ పనులను సవరించుకొనుటకును వ్యవధి కావలెను. కావున ప్రకటన ముందుగా చేయక తీఱదు. చేసిన ప్రకటనను గడువులోపల నెరవేర్చుటయు సాధ్యము కాదు. ఈ చిక్కు నాటినుండి నేటివఱకు ఈ పరిశ్రమను వీడలేదు.

షికాగో అను సంకేతనామముతో ఆరంభమైన వ్యవస్థ ఒక గడువు దాటి, మఱియొక గడువు దాటి, తుదకు 1995 ఆగస్టు 24న విండోస్ 95 పేర వెలువడెను. ఆపిల్ సంస్థవారి కోప్లాండ్ గతి ఇంతకంటె శోచనీయము: 1994లో వాగ్దానము చేయబడి, 1996 ఆగస్టులో పూర్తిగా విడిచివేయబడగా, ఆ సంస్థ అదే సంవత్సరాంతమున నెక్స్ట్ సంస్థను కొని, దాని వ్యవస్థను పునాదిగా స్వీకరింపవలసివచ్చెను.

ఈ విలంబములకు సోమరితనమును కారణముగా చెప్పుట అజ్ఞానము. ఆపరేటింగ్ సిస్టము ఒంటరిగా నిలుచు ప్రోగ్రాము కాదు. నిన్నటివఱకు జనులు కొనియున్న ప్రతి ప్రోగ్రామును, ప్రతి ప్రింటరును, ప్రతి కీబోర్డును అది ఆదరింపవలెను. పాతవానిలో ఏదియు చెడరాదు, కొత్తది అంతయు నడువవలెను. ఒక భాగమున చేసిన సవరణ ఎక్కడనో దూరమునందున్న వేఱొక భాగమును నిలిపివేయును. దానిని సరిదిద్దినచో మూడవది చెడును. పని పూర్తియైనదని తోచిన పిమ్మటనే అసలైన పరీక్ష మొదలగును. ఇది వృత్తిధర్మము తెలిసినవారందఱును అంగీకరించు విషయము. ఆ ఆలస్యపు భారము ఎవరిపై ఎక్కువగా పడినదన్నదే చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న.

3. పాతది యున్నవానికి ఒక వెల, లేనివానికి ఒక వెల

మన ఇండ్లలో చిల్లుపడిన ఇత్తడి బిందెను అంగడివానికిచ్చి, తూకము వేయించి, తేడా సొమ్ము చెల్లించి కొత్తబిందెను తెచ్చుకొను ఆచారము గలదు. అప్‌గ్రేడ్ వెలయు అట్టి తేడా సొమ్మే. విండోస్ 95 పూర్తి కూర్పు అమెరికాలో 209 డాలర్ల 95 సెంట్లు కాగా, ముందటి విండోస్ కలవారికి అది 109 డాలర్ల 95 సెంట్లకు లభించినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ హోం కూర్పు పూర్తివెల 199 డాలర్లు, అప్‌గ్రేడ్ వెల 99 డాలర్లు. ప్రొఫెషనల్ కూర్పునకు వరుసగా 299, 199 డాలర్లు.

ఈ ఏర్పాటులో న్యాయము లేకపోలేదు. మునుపు సొమ్ము చెల్లించినవానికి కొంత తగ్గించుట వర్తకధర్మమే. కాని ఆ ద్వారము అందఱికిని తెఱచియుండలేదు. ఎక్స్‌పీ అప్‌గ్రేడ్‌కు విండోస్ 98 గాని, తరువాతివి గాని ఉండవలెను. విండోస్ 95తోనే కాలము గడుపుచున్నవాడు పూర్తివెల చెల్లింపవలసినదే. యంత్రము సరికొత్తది కానిచో ఆ వెలకు తోడు జ్ఞాపకశక్తిని పెంచు ఖర్చును గలదు. ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు కనీసము, 128 మెగాబైట్లు సముచితమని నిర్మాతలే నిర్దేశించిరి. అంతకుమించి, ఒక ప్రతిని ఒక యంత్రమునకే బంధించు యాక్టివేషన్ పద్ధతియు గృహస్థుల కూర్పులలో ఎక్స్‌పీతోనే ప్రవేశించెను.

డాలరు సుమారు 48 రూపాయలుగా నున్న నాటి మారకపు లెక్కన హోం కూర్పు అమెరికా వెలలను మార్చి చూచినచో, అప్‌గ్రేడ్ 4,750 రూపాయలకును, పూర్తి కూర్పు 9,550 రూపాయలకును చేరును. నెలజీతముతో సంసారము నడుపు రైల్వే కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. దేశమంతట నకలు ప్రతులు వ్యాపించుటకు ఈ వెలయే ప్రధానహేతువు. నకలు చేయుట న్యాయమని మేము చెప్పము. ఒక దేశపు ఆదాయమును బట్టి నిర్ణయించిన వెలను వేఱొక దేశపు ఆదాయముపై మోపుటయు న్యాయము కాదని మాత్రము చెప్పవలసియున్నది.

4. తెలుగునకు పదేండ్ల నిరీక్షణము

యంత్రమున అక్షరము కనబడవలెననిన మొదట దానికొక సంఖ్యాసంకేతము కావలెను. భారతీయ ప్రమాణముగా 1991లో వెలువడిన ఇస్కీ మన లిపులకు ఒక సామాన్యసంకేతమును ఏర్పఱచినది. అదే సంవత్సరమున ప్రకటితమైన యూనికోడ్ ప్రథమ కూర్పునందు తెలుగునకు 128 స్థానముల ప్రత్యేకక్షేత్రము కేటాయింపబడినది. సంకేతము సిద్ధమైనను కార్యము సిద్ధింపలేదు. తెలుగులిపియందు అక్షరములు ఇంగ్లీషు అక్షరములవలె ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండవు. ‘స్త్రీ’ అని వ్రాయుటకు మూడు హల్లులును ఒక అచ్చును కలిసి, కొన్ని క్రిందికి ఒత్తులుగా జాఱి, గుడిదీర్ఘము పైకెక్కి, ఒకే యక్షరముగా రూపొందవలెను. సంకేతముల వరుసను గ్రహించి, ఏ ఒత్తు ఎక్కడ నిలువవలెనో, ఏ గుణింతము ఎట్లు అతుకవలెనో నిర్ణయించు యంత్రాంగము ఆపరేటింగ్ సిస్టము గర్భముననే ఉండవలెను. విండోస్‌నందు యూనిస్క్రైబ్ అను భాగము ఈ కార్యమును నిర్వహించును. ఫాంటు ఒక్కటి తెచ్చుకొన్నంత మాత్రమున ఇది సాధ్యము కాదు. కనుకనే లిపి విడుదలతో ముడిపడిపోయినది.

ఆ పదేండ్లును తెలుగువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను నింపిన ఫాంట్లతో పత్రికలు అచ్చైనవి, పుస్తకములు వెలువడినవి; అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు లిపిలో తెలుగు వ్రాసి తెలుగులిపిగా మార్చుకొను పద్ధతిని నిర్మించిరి. అయినను ఒక ఫాంటుతో వ్రాసినది ఆ ఫాంటు లేనివానికి అర్థరహితమైన చిహ్నముల కుప్పగా కనబడుచుండెను. ఖరగ్‌పూరునుండి విశాఖపట్టణమునకు తెలుగులో ఒక లేఖ పంపవలెననిన, ఇరువురి యంత్రములలోను ఒకే సంస్థ ఫాంటు ఉండితీఱవలెను.

2000 ఫిబ్రవరి 17న వెలువడిన విండోస్ 2000 దేవనాగరిని, తమిళమును ఎఱిగినది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌నందలి హిందీవారికిని, తమిళులకును అది మొదటి విడుదల. కాని అది ముఖ్యముగా కార్యాలయముల కొఱకు నిర్మితమైనది. 2001 అక్టోబరు 25న వెలువడిన ఎక్స్‌పీ తెలుగును, కన్నడమును, గుజరాతీని, గురుముఖిని చేర్చుకొనినది. గౌతమి అను ఫాంటుతో తెలుగక్షరము ఆపరేటింగ్ సిస్టము సొంత శక్తితో మొదటిసారి విండోస్ తెరపై నిలిచినది. 98తో నిలిచిపోయినవారికి ఆ శక్తి సంపూర్ణముగా ఎన్నడును అందలేదు. సంకేతము 1991లో పుట్టినది, అక్షరము 2001లో ఇల్లు చేరినది, అదియును అప్‌గ్రేడ్ వెల చెల్లించినవాని ఇల్లు మాత్రమే.

చెల్లించినవానికిని కొంత ప్రయాస మిగిలియుండెను. ఇంగ్లీషు కూర్పునందు తెలుగు తనంతట తాను పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్ తెఱచి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో భాషల పుటకు పోయి, సంక్లిష్టలిపులకు సంబంధించిన గడిలో గుర్తుపెట్టి, యంత్రము అడిగినపుడు ఎక్స్‌పీ సీడీని అందింపవలెను. సీడీ లేకుండ యంత్రము కొన్నవానికి ఆ మెట్టుననే దారి మూసికొనిపోయెడిది. ఇన్ని అవాంతరములను దాటివచ్చిన వారి చేతులమీదుగనే 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పెరిగినది, తెలుగులో ఉత్తరములు సాగినవి, తెలుగు రచన జాలమునకెక్కినది. పోతన వంటి యూనికోడ్ ఫాంట్లను నిర్మించి ఉచితముగా పంచిపెట్టిన వారికి మన జాతి ఎంతయో ఋణపడియున్నది.

5. లాంగ్‌హార్న్ ఆలస్యము: బంగాలీకి వరము, ఒడియాకు నిరీక్షణము

ఎక్స్‌పీ జాబితాలో బంగాలీ లేదు. కోట్లాదిమంది మాతృభాష, పశ్చిమ బెంగాలునకు రాజభాష, ఒక సర్వస్వతంత్రదేశమునకు జాతీయభాష యైన బంగాలీ, బెంగాల్ గడ్డమీదనే యున్న ఓల్డ్ సెటిల్‌మెంట్ యంత్రములలో తెలుగునకు తరువాత రావలసివచ్చినది. మలయాళమును, ఒడియాయును ఆ జాబితాలో లేవు. వీరందఱును తరువాతి విడుదలకై నిరీక్షింపవలెను. ఆ తరువాతి విడుదలయే ఈ పరిశ్రమ చరిత్రలో సుప్రసిద్ధమైన విలంబమునకు గుఱియయ్యెను.

దాని సంకేతనామము లాంగ్‌హార్న్. ఎక్స్‌పీకిని, అనంతరము రానున్న బ్లాక్‌కోంబ్ అను మహావ్యవస్థకును నడుమ ఒక చిన్న మెట్టుగా, 2003 ప్రాంతమున వెలువడునని తొలి యూహ. కాని బ్లాక్‌కోంబ్ కొఱకు తలపెట్టిన భాగములు ఒక్కొక్కటిగా దీనిలోనికి చేరనారంభించినవి. దస్త్రములను కొత్తరీతిని నిల్వచేయు విన్‌ఎఫ్ఎస్ యనియు, తెరపై బొమ్మలను గీయు నూతన యంత్రాంగమనియు, ఇట్లు పని పెరిగిపోయినది. 2003 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌నందు జరిగిన ప్రోగ్రాములు వ్రాయువారి సభయందు ఈ వైభవమంతయు ప్రదర్శింపబడినది, చూచినవారు మెచ్చుకొనిరి, పని మాత్రము ముందుకు సాగలేదు. ఆ సభకు రెండు నెలల ముందే, 2003 ఆగస్టున బ్లాస్టర్ అను విషక్రిమి లోకమంతటను ఎక్స్‌పీ యంత్రములను పట్టి పీడించెను. ఉన్నదానిని కాపాడక కొత్తదానిని నిర్మించుట తగదని గ్రహించి, సంస్థవారు లాంగ్‌హార్న్ పనిలోనున్న ఇంజనీర్లను పెక్కుమందిని ఎక్స్‌పీ రక్షణకు మరలించిరి. దాని ఫలితమే 2004 ఆగస్టులో వెలువడిన సర్వీస్ ప్యాక్ 2.

ఆ సర్వీస్ ప్యాక్ 2తోనే బంగాలీయు, మలయాళమును విండోస్‌లో ప్రవేశించినవి. రక్షణకొఱకు వచ్చిన సవరణము వృంద అను ఫాంటును కూడ వెంటబెట్టుకొని వచ్చి, తెలుగునకు సుమారు మూడేండ్ల తరువాత బంగాలీని యంత్రమున నిలిపినది. దానికి అప్‌గ్రేడ్ వెల లేదు. ఎక్స్‌పీ కలవారందఱికిని అది ఉచితము. అయినను పూర్తి ప్రతి 266 మెగాబైట్లు. టెలిఫోను తీగపై 56 కిలోబిట్ల వేగమునకు మించని ఇండ్లలో ఎడతెగకుండ పది గంటలకు పైగా దింపుకొనవలెను గావున, ఫోను బిల్లు రూపమున కొంత వెల దానికిని ఉండనే యుండెను. ఏమైనను ఒక లిపిని కొత్త కూర్పునకు అలంకారముగా దాచియుంచక, పాత కూర్పునకు సవరణముగా పంచిపెట్టుట సాధ్యమేనని ఆనాడు ఋజువైనది. ఈ ప్రకరణమున పాఠకులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయమిదియే.

2004 ఆగస్టు 27వ తేదీన సంస్థవారు లాంగ్‌హార్న్ సంకల్పమును కుదించి, విన్‌ఎఫ్ఎస్‌ను తొలగించి, విండోస్ సర్వర్ 2003 పునాదిపై పని మరల మొదలిడిరి. 2005 జూలైలో విస్టా అని నామకరణము జరిగినది. 2006 పండుగల నాటికి వచ్చునన్న మాటను 2006 మార్చి 21న మరల సవరించిరి. 2006 నవంబరు 30న సంస్థలకును, 2007 జనవరి 30న సామాన్యులకును విస్టా లభించెను. ఎక్స్‌పీకిని దీనికిని నడుమ అయిదేండ్ల మూడు మాసములు గడిచినవి.

ఒడియాలిపి విండోస్‌నందు మొదటిసారి వచ్చినది ఈ విస్టాతోనే, కళింగ అను ఫాంటు రూపమున. బాలేశ్వరమునకు అంత సమీపముననున్న ఖరగ్‌పూరు క్వార్టర్లలో ఒడియా గృహస్థుడు, తెలుగు పొరుగువాడు తన భాషలో వ్రాసికొన మొదలిడిన అయిదేండ్లకు గాని తన లిపిని చూడలేకపోయెను. లాస్ ఏంజెలిస్ సభలో మెచ్చుకొన్న వైభవములేవియు అతనికి అక్కఱలేదు. అతనికి కావలసిన కొలది అక్షరములు ఆ వైభవములతోపాటు బందీలై నిలిచిపోయినవి. ఇక వెల యందురా, విస్టా హోం బేసిక్ పూర్తి కూర్పు 199 డాలర్లు, అప్‌గ్రేడ్ 99 డాలర్ల 95 సెంట్లు. అల్టిమేట్ 399, 259 డాలర్లు. కనీసము 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి కావలెను గనుక పాతయంత్రము అట్లే పనికిరాదు. ఆ వెలలు జనులకు అంగీకారము కాలేదనుటకు సంస్థవారి చర్యయే సాక్ష్యము: 2008 ఫిబ్రవరిలో అల్టిమేట్‌ను 319 డాలర్లకు తగ్గించుచున్నట్లు ప్రకటించిరి.

పేదదేశముల కొఱకని చౌక కూర్పు ఒకటి రాలేదా యన్నచో, వచ్చినది. 2005లో భారతదేశమునకు హిందీలో ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ వెలువడెను. ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి నడువని ఆ కూర్పు కొత్త యంత్రములతోనే అమ్మబడెను. పాతయంత్రము కలవారికి అప్‌గ్రేడ్‌గా అది దొరకదు. చౌక ద్వారమును సైతము పాతవారికి మూసియుంచుట ఆ కాలపు వెలల నీతి.

6. వేఱు మార్గములు

విండోస్ ఒక్కదానినే నిందించుట చరిత్రధర్మము కాదు. ఆపిల్ సంస్థ తన లెపర్డ్ కూర్పును 2007 జూన్ నుండి అక్టోబరునకు వాయిదా వేయుచు, ఇంజనీర్లను ఐఫోను పనికి మరలించితిమని నిజము చెప్పినది. దాని వెల 129 డాలర్లు. 2009లో స్నో లెపర్డ్ వెలను 29 డాలర్లకు దించినది. అయినను తెలుగక్షరము ఆ యంత్రములతోపాటు వచ్చుటకు 2011లో లయన్ కూర్పు వెలువడువఱకు ఆగవలసివచ్చెను. వెల తగ్గినను అక్షరము తొందరగా రాలేదు గావున ఈ రెండు సమస్యలును వేఱువేఱుగా చికిత్స కోరుచున్నవని గ్రహింపవలెను.

మూడవ మార్గము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మార్గము. లినక్స్‌పై నిర్మితమైన ఉబుంటు 2004 అక్టోబరునుండి ఆఱునెలలకొక విడుదల చొప్పున వచ్చుచుండెను. దానికి అప్‌గ్రేడ్ వెల లేదు. కోరినవారికి సీడీలను దేశదేశములకు టపాలో ఉచితముగా పంపిరి. అట్టి ఉబుంటు కూడ ఒకమాఱు గడువు తప్పినది: 2006 ఏప్రిలున రావలసిన కూర్పు జూన్ 1న వచ్చెను. ఆ వాయిదాను ముందుగా బహిరంగముగా ప్రతిపాదించి, చర్చించి, నిర్ణయించిరి. చెప్పిన కారణములలో భాషానుకూలతను మెఱుగుపఱచుట ఒకటి. భాషకొఱకు విడుదలను ఆపుటకును, విడుదలకొఱకు భాషను ఆపుటకును గల భేదమును ఈ ఉదాహరణము స్పష్టముగా చూపుచున్నది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖముతో లినక్స్ కూర్పును నిర్మించుటకు చేసిన కృషియు ఈ త్రోవలోనిదే. మెనూలు మొదలుకొని సందేశముల దాక తెలుగుచేయుటకు ఎవరి విడుదలకొఱకును నిరీక్షింప నక్కఱలేదని అది నిరూపించినది.

7. ఉచితమను కొత్త యుగము

2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8నందు అప్పటికి చేరియున్న భారతీయలిపులకు నిర్మల అను ఒకే ఫాంటు ఏర్పడినది; 2013 జనవరి 31వఱకు దింపుకొను అప్‌గ్రేడ్‌ను మన దేశమున 1,999 రూపాయలకే ఇచ్చిరి. దానిని సవరించి 2013 అక్టోబరు 17న వెలువరించిన 8.1, విండోస్ 8 కలవారికి ఉచితము. పండిత రఘునాథ్ ముర్ము 1925లో సృజించిన ఓల్ చికి లిపి ఆ 8.1తో విండోస్‌లోనికి వచ్చి, మేదినీపూరు సంతాలీలకు తమ యక్షరమును చూపినది. గిడుగు రామమూర్తి పంతులుగారు తమ జీవితమును ధారపోసిన సవరభాషకు చెందిన సొరసొంపెంగ్ లిపియు ఆ విడుదలయందే చేరినది. తెలుగునకు పండ్రెండేండ్ల తరువాత, బంగాలీకి తొమ్మిదేండ్ల తరువాత ఆదివాసుల లిపులకు వంతు వచ్చినది. అదే మాసము 22వ తేదీన ఆపిల్ సంస్థ తన మావెరిక్స్ కూర్పును వెలలేకుండ ఇచ్చినది.

హైదరాబాదులో జన్మించి, బేగంపేటయందలి హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థకు ప్రధానాధికారి యయ్యెను. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10ను, 7గాని 8.1గాని కలవారికి ఒక సంవత్సరముపాటు ఉచితముగా ఇచ్చు పద్ధతి ఆయన నాయకత్వమున అమలైనది. అంతకుముందు మూడు దశాబ్దములుగా చెల్లిన అప్‌గ్రేడ్ వెల అను ఆచారము దీనితో కూలిపోయినది. సంస్థ ఆదాయము సేవలవైపును, నెలసరి చందాలవైపును మరలుటయే దీనికి ఆర్థికకారణము. పాతకూర్పులను కాపాడు శ్రమ తగ్గుటయు సంస్థకు లాభమే. ఒక తెలుగువాని పాలనయందు ఈ మార్పు కలుగుట మనకు సంతోషకరము. అయినను 2014 ఏప్రిల్ 8తో సంరక్షణ ముగిసిన ఎక్స్‌పీవారికిని, విస్టావారికిని ఆ ఉచితము వర్తింపలేదు. మొదట వచ్చి తెలుగును నిలిపినవారే మఱల తలుపు వెలుపల నిలిచిరి. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11, విండోస్ 10 కలవారికి వెల లేనిదే గాని, టీపీఎం 2.0 అను రక్షణభాగమును, కొత్త ప్రాసెసరును కోరుచున్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 సంరక్షణ ముగియుటతో, చక్కగా నడుచు యంత్రములు సైతము అపాయమున పడినవి. వెల సీడీనుండి యంత్రమునకు మాఱినదే గాని పూర్తిగా తొలగిపోలేదు.

8. ఈ చరిత్ర నేర్పు నీతి

ఓల్డ్ సెటిల్‌మెంట్‌నందును, దాని పరిసరములందును పలుకబడు భాషలకు లిపులు వచ్చిన వరుసను మఱల స్మరింపుడు: దేవనాగరి, తమిళము 2000లో, తెలుగు, గురుముఖి 2001లో, బంగాలీ 2004లో, ఒడియా 2007లో, ఓల్ చికి 2013లో. ఒకే వర్క్‌షాపు సైరనుకు లేచి పనికి పోవు జనుల నడుమ ఇన్నేండ్ల అంతరము కలుగుటకు ఆ భాషల గుణము కారణము కాదు, ఆ జనుల యోగ్యత కారణము కాదు. లిపిని విడుదలలతోను, వెలలతోను ముడివేసిన వ్యాపారపద్ధతియే కారణము. కొత్త అలంకారములకు వెల కట్టవచ్చును. వానికొఱకు కొన్నేండ్లు ఆగుమనియు చెప్పవచ్చును. అక్షరము అలంకారము కాదు. అది లేని యంత్రము ఆ భాష మాటలాడువాని యెడల అసంపూర్ణముగా అమ్మబడిన వస్తువు. అసంపూర్ణమైనదానిని పూరించుట అమ్మినవాని బాధ్యత. 2004లో బంగాలీకి జరిగినట్లు, లిపిని సవరణముగా పరిగణించి, పాతకూర్పులకును, పాతయంత్రములకును ఉచితముగా అందించుటయే ధర్మమని మా నిశ్చితాభిప్రాయము. ఇకముందు యూనికోడ్‌లో చేరబోవు ప్రతి చిన్న లిపి విషయమునను ప్రభుత్వములును, విద్యాసంస్థలును సంస్థలనుండి ఈ మాటనే కోరవలెను. యంత్రములను కొను ఒప్పందములలో ఈ షరతును వ్రాయించుటకు ప్రభుత్వములకు అధికారము గలదు, ఆ అధికారమును వినియోగింపవలెను.

లిపి తెరపైకి వచ్చిన పిదప దానిని వ్రాయు సాధనము కావలెను. తెలుగు టైపురైటరునుండి ఇన్‌స్క్రిప్ట్ వఱకు, అటనుండి చేతిఫోను దాక, మన కీబోర్డులయందు జరిగిన పోరాటములను తరువాతి ప్రకరణమున వివరింతుము.